నీరు నిదానించే నగరం
(నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మారకోపన్యాసం)



మీర్ అహ్మద్ అలీ 1877 జూలై 11న హైదరాబాదులో పుట్టారు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి తిరిగొచ్చి, నిజాం సర్కారు ప్రజాపనుల శాఖలో చేరి, చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అని మనం పిలుచుకునేది ఆయననే. నిజాంసాగర్, హిమాయత్‌సాగర్, పాలేరు, వైరా పనులన్నిటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఆయన పుట్టినరోజునే తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలు వేస్తున్నాం, ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఆయన పనిలోని సూత్రాన్ని మాత్రం మన నగరాల్లో రోజూ తిరగేస్తున్నాం. ఈ సాయంత్రం నా ఫిర్యాదు అదే.

ఆ సూత్రం చాలా చిన్నది. పరుగెత్తే నీటిని ఆపాలి, ఆలస్యం చేయాలి, తర్వాత అవసరమున్న చోటికి పంపాలి. నేటి నగరం ఇందుకు సరిగ్గా ఎదురు తిరిగింది. కప్పు మీద పడ్డ చినుకును గొట్టంలోకి, గొట్టం నుంచి రోడ్డు మీదికి, రోడ్డు నుంచి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి ఎంత త్వరగా తోలేస్తే అంత మంచి డ్రైనేజీ అనుకుంటున్నాం. వానాకాలంలో మునగడానికీ, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టడానికీ ఈ తొందరే కారణమని నా వాదన. మద్రాసును చూడండి. 2015 డిసెంబరులో ఆ నగరం మునిగింది. 2019 వేసవిలో అదే నగరానికి జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చారు. మన కృష్ణ నీళ్ళు తెలుగు గంగ మీదుగా ఏళ్ళ తరబడి చేరుతున్న ఊరి సంగతి ఇది. నీరు లేకపోవడం ఒక్కటే కాదు, వచ్చిన నీటిని నిలుపుకోలేకపోవడం కూడా ఆ పరిస్థితికి కారణం.

ఈ వాదనను ఆరు మెట్లుగా చెబుతాను.

1. మూసీ నేర్పినది

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. దాదాపు 15 వేలమంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికిన కథ మీకందరికీ తెలిసిందే. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సర్కారు పిలిపించింది.

ఆయన మునిగిన వీధుల దగ్గరే ఆగిపోలేదు. వరద ఎక్కడ పుట్టిందో చూడటానికి పైకి వెళ్ళారు. నగరానికి ఎగువనున్న మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 ఆ వానకు తెగిపోయాయనీ లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది కట్ట మీద పడతాయి. అదీ తెగితే దాని కిందిది. ఊరి మీద పడినది ఆకాశం నుంచి వచ్చిన నీరూ, తెగిన చెరువుల నీరూ కలిసి.

నది గట్లను బలపరచాలనీ, తీరం వెంట తోటలు వేయాలనీ ఆయన చెప్పారు. కానీ అసలు మందు పైనే పెట్టారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఇక్కడ విద్యార్థులకు ఒక మాట. వరదలో ప్రమాదం మొత్తం నీటి పరిమాణంలో లేదు, అది ఒకేసారి రావడంలో ఉంది. రెండు రోజుల్లో పోవాల్సిన నీరు మూడు గంటల్లో వస్తే ప్రళయం. అదే నీరు రెండు రోజులూ తీసుకుంటే నిండుగా పారే నది. జలాశయం నీటిని మాయం చేయదు, దానికి వ్యవధి ఇస్తుంది. పైగా వరదను ఆపడానికి కట్టిన ఆ రెండే తరాల తరబడి నగరం దాహం తీర్చాయి. గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్ళ రుచి గురించి పాత నగరంవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఒక్క పనితో వరదకూ దాహానికీ జవాబు దొరికింది.

మరి ఇప్పుడు? ఎల్లంపల్లి నుంచి దాదాపు 186 కిలోమీటర్లు గోదావరిని తెస్తున్నాం. నాగార్జునసాగర్ నుంచి కృష్ణను ఎత్తిపోస్తున్నాం. వాటికయ్యే కరెంటు బిల్లు మనమే కడుతున్నాం. మన నెత్తిన పడ్డ వానను మాత్రం మురుగుతో కలిపి సాగనంపుతున్నాం. ఆ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన 111 జీవోను సడలిస్తూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది. ఎగువన ఎకరం ధర ఎంత పెరుగుతుందో అందరూ లెక్క వేశారు. ఎగువన ఆగే నీటి విలువను ఆ లెక్కలో కలిపినవారు తక్కువ.

2. గొలుసు తెగిన చోటు

రెండు పెద్ద జలాశయాలకన్నా ముందే ఈ నేల మీద నీటిని నిదానింపజేసే ఏర్పాటు ఒకటి ఉంది. అది గొలుసుకట్టు చెరువులు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించిన రోజుల నుంచీ దక్కన్ రైతుకు ఇది తెలిసిన విద్యే. పైచెరువు నిండితే అలుగు దూకుతుంది. ఆ నీరు వాగు పట్టుకుని కింది చెరువుకు చేరుతుంది. తూము కింద పొలం తడుస్తుంది, చెరువు కింద బావులు ఊరుతాయి. ఇంత చేసి చివరకు నదికి చేరే సరికి వాన వెలిసి రోజులు గడుస్తాయి.

హైదరాబాదు ఈ గొలుసు మీదే పరుచుకున్న ఊరు. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వస్తాయి. వాటి ఎగువన ఎన్నో చెరువులు, కుంటలు ఉండేవి. కుంట పోయి కాలనీ వచ్చింది. కాలనీకి పేరు మాత్రం కుంటదే ఉండిపోయింది. మీలో ఎంతమంది ఇంటి చిరునామాలో చెరువో కుంటో ఉందో ఒకసారి చెయ్యెత్తండి. చూశారా!

చెరువు అంటే నీళ్ళున్న వైశాల్యం అనుకోవడం దగ్గర మన పొరపాటు మొదలైంది. చెరువుకు నీరొచ్చే దారి, అలుగు, అలుగు దాటిన నీరు పోయే దారి కలిస్తేనే చెరువు. మన చట్టాలు పూర్తి నీటిమట్టం గీత నుంచి దూరం కొలుస్తాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కానీ పైనున్న వాగును మూడు అపార్టుమెంట్లు మూసేస్తే, కిందనున్న చెరువు చుట్టూ 30 మీటర్లు ఎంత నిజాయితీగా వదిలినా అందులోకి నీరు రాదు. వస్తే మురుగే వస్తుంది. చెరువు నీరు పరుచుకునే శిఖం భూమిలో లేఅవుటు వేసినవారు నీరు తమ గడప ఎక్కకుండా అలుగును తగ్గించేస్తే, పూర్తి నీటిమట్టం గీత కూడా దిగిపోతుంది. అప్పుడు ఆక్రమణ కాగితం మీద ఆక్రమణగా కనిపించదు.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలాల వెంట కట్టుకున్న ఇళ్ళెన్నో మునిగాయి. 2020 అక్టోబరులో మళ్ళీ అదే కథ. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, బాలాపూర్ వైపు గుర్రం చెరువు తెగాయి. హఫీజ్ బాబా నగర్‌లో వీధులు వాగులయ్యాయి. విశ్వేశ్వరయ్య రాసిన మాటనే, 1908 వరద వచ్చిన 112 ఏళ్ళకు వాన మళ్ళీ రాసి చూపించింది. పట్టించుకోని గొలుసు ఒక లంకె దగ్గర తెగితే, కింది లంకెలన్నీ బాంబులవుతాయి.

గొలుసును మళ్ళీ కలపడం సాధ్యమేనా అంటారేమో. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పల్లెలో చేయదలచిన పని పట్నంలో చేయలేమని ఎవరన్నారు? అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మకుంటను 2025లో తవ్వి మళ్ళీ నీటితో నింపారు. ఒక కుంట తిరిగి రావడం సంతోషమే. దానికి నీరొచ్చే దారి, పోయే దారి కూడా తిరిగి వస్తేనే గొలుసు తిరిగి వచ్చినట్టు.

3. నేల చేయవలసిన పని

చెరువు దాకా రాకముందే నీటిని నిదానింపజేసే మొదటి ఆనకట్ట మన కాళ్ళ కింది మట్టి. ఇది చిన్న లెక్క, ఇంటికెళ్ళి మీరే వేసుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. రెండొందల గజాల స్థలం అంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లకు పైగా నీరు. అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నరకు పైగా. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అంటే అదే స్థలం మీద లక్షా ముప్పై వేల లీటర్లు. ట్యాంకరుకు డబ్బు కట్టే ఇలాంటి ప్రతి ఇంటి మీదా ఆకాశం ఏటా ఇరవై అయిదుకు పైగా ట్యాంకర్లు ఉచితంగా కుమ్మరిస్తోంది.

ఇంకిపోవాలంటే మట్టి కనిపించాలి కదా. గేటు నుంచి వెనక గోడ దాకా టైల్స్ పరిచేశాం. చెట్టు మొదలును సిమెంటుతో బిగించేశాం. పార్కుల సంగతి మరీ విచిత్రం. మన కాలనీ పార్కులు చాలావరకు రోడ్డుకన్నా ఎత్తుగా ఉంటాయి. మట్టి పోసి, అంచు కట్టి, గోడ పెట్టి కడతారు. వాన పడితే పార్కు నీళ్ళు రోడ్డు మీదికొస్తాయి. అదే పార్కును రోడ్డుకన్నా ఒక అడుగు కిందికి దించి, అంచులో అక్కడక్కడా సందులు వదిలితే ఏమవుతుందో చూడండి. ఎకరం పార్కులో ఒక అడుగు నీరు నిలిస్తే పన్నెండు లక్షల లీటర్లు. ఇందాక చెప్పిన అయిదు సెంటీమీటర్ల వానలో నూట నలభైకి పైగా ఇళ్ళ మీద పడిన నీరు అందులో పడుతుంది. మర్నాటి సాయంత్రానికి ఇంకేది ఇంకి, మిగిలింది మెల్లగా నాలాలోకి పోతుంది. పిల్లలు ఒక్కరోజు ఆట మానుకుంటారు. వీధి మాత్రం మునగదు. దీనికి కొత్త సాంకేతికత అక్కర్లేదు, లెవెల్ యంత్రం చాలు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. నీరు దాగేది పైన మొరం పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ. అందుచేత ఇంకుడు గుంత ఎక్కడపడితే అక్కడ తవ్వితే పనిచేయదు. మొరం ఎంత లోతుందో చూసి తవ్వాలి. ఏటా వానకు ముందు ఒండ్రు తీయాలి. రోడ్డు మీది మురుగునీటిని నేరుగా బోరులోకి వదిలితే భూగర్భాన్ని పాడుచేసినట్టే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం దగ్గర్నుంచీ ఇంకుడు గుంత నిబంధన ఉంది. అనుమతి కోసం తవ్వి, అనుమతి రాగానే పూడ్చే గుంతలకు ఏ చట్టమూ నీళ్ళు ఇవ్వలేదు.

4. సుందరీకరణ అనే చిక్కు

ఇప్పుడు కొందరికి నచ్చని మాట చెబుతాను. చెరువుల సుందరీకరణ పేరుతో మనం చేస్తున్న పనిలో సగం చెరువుకు హాని. చెరువు లోపలికి జరిగి గుండ్రంగా కట్ట పోస్తాం, దాని మీద నడక దారి వేస్తాం, రంగు లైట్లు పెడతాం. చుట్టూ కట్ట వచ్చిందంటే లోతు తక్కువున్న అంచు పోయినట్టే. తుంగ పెరిగేది, పక్షి గూడు కట్టేది, వానకు నీరు పరుచుకునేది అక్కడే. వచ్చే కాలువలో మురుగు ఉందని దాన్ని పక్కకు మళ్ళిస్తాం. మురుగుతోపాటు వాననీరూ మళ్ళిపోతుంది. అప్పుడు చెరువు ఎండుతుంది. ఎండిన చెరువులో ఫౌంటెన్ పెట్టడానికి టెండరు పిలుస్తాం.

పచ్చిక కూడా అంతే. ఎండాకాలంలో పచ్చికకు రోజుకు సుమారు అయిదు మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి ఇరవై వేల లీటర్లు! వేప, కానుగ, మర్రి, చింత రెండు మూడేళ్ళు తడిపితే తర్వాత తమ బతుకు తాము బతుకుతాయి. నీడ కూడా ఇస్తాయి. పచ్చిక ఉండాల్సిన చోట ఉండనివ్వండి, దానికి శుద్ధి చేసిన మురుగునీరు పెట్టండి. తాగే నీటితో పచ్చికను తడపడం ఈ నగరానికి తగదు.

అందం వద్దని కాదు నేననేది. అందం పని చేయాలి. సింగపూర్‌లో బిషన్ - ఆంగ్ మో కియో పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువ ఉండేది. దాన్ని పగలగొట్టి, 2012 నాటికి మూడు కిలోమీటర్లకు పైగా వంకరలు తిరిగే నదిగా మార్చారు. మామూలు రోజుల్లో జనం ఒడ్డున కూర్చుంటారు. పెద్ద వాన వస్తే పార్కే నదికి పడక అవుతుంది. ముందుగా హెచ్చరిక మోగుతుంది, జనం లేచి పైకి వెళ్తారు. సన్నగా తిన్నగా ఉన్న కాలువకన్నా వెడల్పుగా వంకరగా ఉన్న నది ఎక్కువ నీటిని మోస్తుంది, నెమ్మదిగా మోస్తుంది. మన నాలాలను మనమేమో ఇరుకు చేసి, గోడలు లేపి, పైన స్లాబు వేస్తున్నాం. స్లాబు వేసిన నాలాలో పూడిక తీసేదెవరు? కనిపించని నీటిని కాపాడేదెవరు?

5. హద్దు తెలుసుకోవడం

ఇంత చెప్పాక, దీనికీ ఒక హద్దు ఉందని ఒప్పుకోకపోతే శాస్త్రానికి అన్యాయం. చైనా పదేళ్ళ కిందటి నుంచీ నీటిని పీల్చుకునే నగరాలు కడతానని పెద్ద కార్యక్రమం నడుపుతోంది. ఆ బాటలో నడిచిన జెంగ్‌జౌలో 2021 జూలై 20న ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన పడింది. సొరంగాలు, మెట్రో మునిగాయి, ఆ వరదలో వందలమంది పోయారు. పార్కులూ ఇంకుడు గుంతలూ మామూలు వానలకూ, పెద్ద వానలకూ జవాబు. మహావానకు జవాబు వేరు. ఏర్పాటు పొంగినప్పుడు నీరు ఎటు పోవాలో ముందే రాసిపెట్టుకోవాలి.

విజయవాడకు ఈ పాఠం 2024 సెప్టెంబరులో అందింది. బుడమేరు సహజంగా కొల్లేరు వైపు పోయే వాగు. దాని నీటిని కొంత కృష్ణలోకి మళ్ళించడానికి ప్రకాశం బ్యారేజీ ఎగువన కలిసేలా డైవర్షన్ ఛానల్ ఉంది. కానీ ఆ రోజుల్లోనే బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నిండిన నది పక్క వాగును లోపలికి రానివ్వదు. మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. బుడమేరు తన పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారిలో సింగ్‌నగర్ ఉంది. రోజుల తరబడి జనం మేడల మీద గడిపారు.

మళ్ళించిన వాగు తన దారి మరిచిపోదు. కాబట్టి మాస్టర్ ప్లానులో ప్రతి వాగు పాత దారినీ గీయాలి. ఆ దారిలో ఆసుపత్రి, సబ్‌స్టేషను, బడి కట్టకూడదు. ఆటస్థలం, పార్కింగు, తోట పెట్టుకోవచ్చు. మునిగినా మనుషులు చావని పనులు అక్కడ పెట్టాలి. ఇంకొక మాట, కాస్త కష్టమైన మాట. నాలా ఒడ్డున ఉంటున్న పేదవాళ్ళు నీటికి అడ్డం వచ్చారని నింద వేయడం తేలిక. వాళ్ళకు ఊళ్ళో మరో చోటు దొరకనివ్వలేదు కనుకే అక్కడ ఉన్నారు. వాళ్ళను తీసేముందు దగ్గరలోనే ఇల్లు ఇవ్వాలి. అలాగే, శిఖంలో నిలబడ్డ విల్లాలకూ అదే కొలబద్ద పెట్టాలి. ఒకరి గుడిసెకు బుల్డోజరు, మరొకరి కాంపౌండు గోడకు కోర్టు స్టే అయితే నీటికి చోటు రాదు, న్యాయానికీ రాదు.

6. చేయవలసినవి

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కనుక పనుల మాట చెప్పి ముగిస్తాను.

మొదటిది, చెరువుల హద్దురాళ్ళతోపాటు వాటి మధ్యనున్న దారులకు కూడా హద్దురాళ్ళు పాతాలి. ఏ చెరువు అలుగు ఏ చెరువుకు వెళ్ళాలో ప్రతి వార్డు ఆఫీసు గోడ మీదా పటం ఉండాలి. ఒకప్పుడు ఊళ్ళో చెరువు నీరు పారించే నీరటికి ఆ పటం కంఠస్థం. ఇప్పుడు కార్పొరేటరుకైనా తెలియాలి.

రెండవది, అలుగు ఎత్తును ఏటా వానకు ముందు కొలిచి ప్రకటించాలి. తగ్గించినవారిపై కేసు పెట్టాలి. కట్టలు, తూములు, షట్టర్లు చూసేందుకు ప్రతి గొలుసుకూ ఒక్క అధికారి బాధ్యుడు కావాలి. ఇప్పుడు కట్ట ఒకరిది, నీరు ఒకరిది, మురుగు ఒకరిది, నడక దారి ఇంకొకరిది.

మూడవది, కొత్త పార్కు ఏదైనా రోడ్డుకన్నా కిందికి ఉండాలి. పాత పార్కుల అంచులకు సందులు పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మేస్త్రీకి ఒక్కరోజు పని.

నాలుగవది, పెద్ద లేఅవుటుకు, గేటెడ్ కమ్యూనిటీకి, ఐటీ ప్రాంగణానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టాలి. ఆ స్థలం కట్టకముందు ఎంత వేగంగా నీటిని వదిలేదో, కట్టాక అంతకన్నా వేగంగా వదలకూడదు. దీన్ని కొలవడం సాధ్యం, తనిఖీ చేయడం సాధ్యం.

అయిదవది, చెరువులోకి మురుగు రాకుండా చూడాలంటే మురుగును వాననీటి నుంచి వేరు చేయండి. రెంటినీ కలిపి పక్కకు మళ్ళించకండి. శుద్ధి చేసిన నీటిని తిరిగి చెరువుకూ, తోటలకూ ఇవ్వండి.

ఇక్కడ కూర్చున్న యువ ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, పట్టణ ప్రణాళికా అధికారులకు నాదొక విజ్ఞప్తి. రేపు మీ బల్ల మీదికి పార్కు డ్రాయింగు వస్తుంది, రోడ్డు డ్రాయింగు వస్తుంది, చెరువు గట్టు డ్రాయింగు వస్తుంది. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: గంటలో పది సెంటీమీటర్ల వాన పడితే ఈ చోటు ఎంత నీటిని ఆపుతుంది, ఎంతసేపు ఆపుతుంది, ఆపలేనిది ఎటు పంపుతుంది? జవాబు అంకెల్లో లేకపోతే ఆ డ్రాయింగును వెనక్కి పంపండి. పై నుంచి ఫోను వచ్చినా సరే వెనక్కి పంపండి. అలీ నవాజ్ జంగ్ స్మృతికి మీరు వేయగల దండ అంతకన్నా గొప్పది ఉండదు.